మందు డబ్బా తెరిచే ముందు: పుచ్చ, కూరగాయల తోటల్లో తెగుళ్లను అదుపు చేసే క్రమం

నేను పుచ్చ వేసిన మొదటి ఏడాది, కాయలు పిడికిలంత అయిన రోజుల్లో ఒక తీగ మధ్యాహ్నం వాలిపోయింది. సాయంత్రానికి లేచింది. మరునాడు మళ్లీ వాలింది, మళ్లీ లేచింది. నాలుగో రోజు లేవలేదు. ఒక ఆకు తుంచుకుని మందుల దుకాణానికి వెళ్లాను. ఆకును అటూ ఇటూ తిప్పి చూసిన దుకాణదారు మూడు పొట్లాలు చేతిలో పెట్టాడు: ఒకటి పురుగుకు, ఒకటి తెగులుకు, మూడోది బలానికి. మూడూ కలిపి ఆకుల మీద కొట్టాను. జబ్బు వేరులో ఉంది. వారం తిరిగేసరికి ఆ సాలులో ఇంకో పదకొండు తీగలు పోయాయి.

నల్గొండ చెలకల్లో, పాలమూరు ఎర్రనేలల్లో కూరగాయలు పండించేవారిలో చాలామందికి ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. మనకు మందుల కొరత లేదు, కొట్టడంలో బద్ధకమూ లేదు. జబ్బు ఏ జాతిదో తేల్చకుండా డబ్బా మూత తీయడమే మన ఖర్చులో పెద్ద ఖర్చు. అందుకే ఈ మార్గదర్శి మందుల పట్టికతో మొదలు కాదు. మందుల మాట వచ్చేసరికి సగం దాటిపోతుంది.

ముందుగా దోషిని పట్టుకోవడం

మొక్కను వాడబెట్టేవి, ఎండబెట్టేవి అయిదు రకాలు: శిలీంధ్రం, బ్యాక్టీరియా, వైరస్, వేర్లలోని నులిపురుగు, అయిదోది మన చేతి తప్పు. శిలీంధ్రానికి మందు ఉంది. బ్యాక్టీరియాకు మందు పేరుకే ఉంది. వైరస్‌కు అసలు లేదు. ఈ తేడా తెలియనంతకాలం ప్రతి జబ్బుకూ ఒకే కషాయం పోస్తూనే ఉంటాం.

వాలిన మొక్క కనబడితే మూడు పరీక్షలు తోటలోనే చేయవచ్చు. వీటికి కత్తి, గాజు గ్లాసు, మంచి నీళ్లు చాలు.

మొదట మొక్కను వేర్లతో సహా తవ్వి తీయాలి. పీకకూడదు, పీకితే వేర్లు మట్టిలోనే తెగిపోతాయి, చూడవలసింది అక్కడే ఉండిపోతుంది. వేర్ల మీద జీలకర్ర గింజంత నుంచి గోలీకాయంత వరకు బుడిపెలు ఉంటే అది వేరుబుడిపె నులిపురుగు. గాలి ఆడే ఇసుక చెలకలంటే దానికి ఇష్టం. వేరును కొరికి ఎండు తెగులు శిలీంధ్రానికి దారి చేసేది కూడా ఇదే కాబట్టి రెండూ తరచుగా జంటగా కనబడతాయి.

బుడిపెలు లేకపోతే నేలకు దగ్గరలో కాండాన్ని నిలువుగా చీల్చాలి. లోపలి నాళాలు గోధుమ రంగుకు తిరిగి, నీళ్లు ఎక్కే దారి మూసుకుపోయినట్టు చారలు ఉంటే పుచ్చలో అది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులు. నా మొదటి ఏడాది జబ్బు అదే. ఆకు మీద ఎంత మందు కొట్టినా ఆ నాళం తెరుచుకోదు.

టమాట, వంగ, మిరప మొక్కలు ఆకులు పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి వాలిపోతే గ్లాసు పరీక్ష చేయాలి. మొదలు దగ్గర రెండు అంగుళాల ముక్క కోసి, గాజు గ్లాసులోని తేట నీళ్లలో కోసిన కొన మునిగేలా కదలకుండా పట్టుకోవాలి. కొద్ది నిమిషాల్లో ఆ కొన నుంచి పాలచుక్క జారినట్టు తెల్లని దారాలు దిగితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. దారాలు దిగకపోతే శిలీంధ్రాన్ని అనుమానించాలి. రూపాయి ఖర్చులేని ఈ పరీక్ష వేల రూపాయల పిచికారీని ఆపుతుంది.

ఆకు మచ్చల సంగతి తేలకపోతే ఆ ఆకును తడి దూదితో పాటు ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి కట్టి రాత్రంతా నీడలో ఉంచాలి. తెల్లవారేసరికి ఆకు అడుగున బూడిద, ఊదా కలిసిన నూగు లేస్తే అది బూజు తెగులు.

ఇక మన చేతి తప్పులు. వీటి గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు, ఎందుకంటే వీటికి అమ్మడానికి సీసా లేదు. వరిలోనో మొక్కజొన్నలోనో 2,4-డి కలుపు మందు కొట్టిన పంపుతోనే టమాటకు మందు కొడితే, లేదా పక్క పొలంలో కొట్టినది గాలికి కొట్టుకొస్తే, లేత ఆకులు సన్నబడి మెలికలు తిరుగుతాయి. చూసినవారందరూ వైరస్ అంటారు. కలుపు మందుకు పంపు వేరే ఉండాలి. కడిగి వాడతానంటే కుదరదు. హెక్సాకొనజోల్, టెబుకొనజోల్ జాతి శిలీంధ్ర మందులను లేత తీగల మీద పదేపదే కొడితే కణుపుల మధ్య దూరం తగ్గి తీగ గిడసబారుతుంది. దాన్నీ వైరస్ అనుకుని మరో మందు కొడతారు. టమాట, పుచ్చ కాయల అడుగున నల్లగా, తోలులా కుళ్లితే అది తెగులు కాదు. కాయకు కాల్షియం అందకపోవడం, దానికి ముఖ్య కారణం నీళ్లు ఒక రోజు వరదలా, మూడు రోజులు ఎండుగా ఇవ్వడం. అక్కడ మాంకోజెబ్ అనే శిలీంధ్ర మందు కొడితే మాంకోజెబ్‌కే నష్టం.

నేల పని: ఏప్రిల్, మే నెలల్లో

నల్గొండలో వేసవిలో 44 డిగ్రీలు కొత్త వార్త కాదు. ఆ ఎండను తిట్టుకోవడం తప్ప వాడుకోవడం మనకు అలవాటు కాలేదు. నారుమడి వేసే చోటు, కిందటేడు తీగలు చచ్చిన చోటు, చిన్న పందిరి సాళ్లు అయితే సౌరశక్తితో నేలను శుద్ధి చేయవచ్చు. మట్టిని మెత్తగా దున్ని, గడ్డలు లేకుండా చదును చేసి, బాగా తడిపి, పారదర్శకమైన పలుచని ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు మట్టితో మూయాలి. 4 నుంచి 6 వారాలు కదిలించకూడదు. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. మల్చింగ్‌కు (బోదె మీద కప్పడానికి) వాడిన నల్ల షీటు మిగిలింది కదా అని పరచడం ఒకటి. నల్ల షీటు తాను వేడెక్కుతుంది గాని మట్టిలోకి ఎండను పంపదు. పొడి నేల మీద పరచడం రెండోది. తడి ఉంటేనే వేడి లోతుకు దిగుతుంది, నిద్రపోతున్న శిలీంధ్ర బీజాలు మేల్కొని చస్తాయి. ఎకరమంతా చేయడం ఖరీదైన పని కాబట్టి ఇది నారుమడికీ, జబ్బు చోట్లకూ పరిమితం చేసుకోవాలి. మిగిలిన పొలానికి వేసవి లోతు దుక్కి చాలు.

పంట మార్పిడి మాట అందరూ చెబుతారు. దేని తర్వాత ఏది అన్నది మాత్రం జబ్బును బట్టి తేలుతుంది. పుచ్చను చంపే ఫ్యుజేరియం పుచ్చనే ఎక్కువగా పట్టుకుంటుంది, ఖర్బూజను చంపేది వేరే తెగ. కానీ అది నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఒకసారి ఎండు తెగులు వచ్చిన చెలకలో అయిదేళ్లయినా పుచ్చ వేయకపోవడమే క్షేమం, టమాట వేసుకోవచ్చు. బ్యాక్టీరియా ఎండు తెగులు టమాట, వంగ, మిరప, ఆలు అన్నింటినీ పడుతుంది కాబట్టి టమాట పోయిన మడిలో వంగ వేయడం మార్పిడి అనిపించుకోదు. సాగర్ ఎడమ కాలువ కింద ఉన్నవారికి ఒక వరం ఉంది: ఒక కారు వరి వేసి నీళ్లు నిలబెడితే బ్యాక్టీరియా బలమూ, నులిపురుగుల సంఖ్యా తగ్గుతాయి. బోరు మీద బతికే చెలకల వారికి ఆ వీలు లేదు. వారు జొన్న, మొక్కజొన్న, బంతి వైపు చూడాలి. బంతి వేర్లు నులిపురుగును అణుస్తాయి. దసరా, దీపావళికి పూల ధర ఎలాగూ ఉంటుంది.

చివరి దుక్కికి ముందు ట్రైకోడెర్మా (జబ్బు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం) సిద్ధం చేసుకోవాలి. 90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, చేత్తో పిడికిలి పడితే ముద్ద నిలిచేంత తడిపి, నీడలో కుప్పగా పోసి గోనెసంచులు కప్పాలి. వారం, పది రోజుల్లో కుప్ప మీద తెల్లని, ఆ తర్వాత ఆకుపచ్చని బూజు పాకుతుంది. అది ఎకరానికి సరిపోతుంది. సాళ్లలో మాత్రమే వేయాలి. పచ్చి పేడలో కలిపితే పనిచేయదు. వేసిన తర్వాత రెండు వారాల వరకు ఆ నేలలో కార్బెండజిమ్ అనే శిలీంధ్ర మందు, రాగి మందులు పోయకూడదు. చాలామంది సోమవారం ట్రైకోడెర్మా, గురువారం డ్రిప్‌లో కార్బెండజిమ్ పంపుతారు. కుక్కను కాపలా పెట్టి దానికే విషం పెట్టడం లాంటిది ఇది.

విత్తనం, నారు

రంగు పూసి వచ్చిన హైబ్రిడ్ విత్తనానికి మళ్లీ మందు పట్టించనవసరం లేదు. సొంత విత్తనం, సూటి (హైబ్రిడ్ కాని) రకాలు అయితే కిలోకు 3 గ్రాముల థైరమ్ లేదా కాప్టాన్ పట్టించాలి.

పుచ్చలో కాయ మచ్చ తెగులు కలిగించే బ్యాక్టీరియా, కీరలో వచ్చే ఆకుపచ్చ మొజాయిక్ వైరస్ విత్తనంతోనే వస్తాయి. కాబట్టి విత్తనం పొట్లం, బిల్లు, లాట్ నంబరు పంట అయ్యేవరకు దాచుకోవాలి. తోట మొత్తంలో ఒకే లాట్ మొక్కలు మాత్రమే జబ్బుపడితే అనుమానం ఎటు పోవాలో ఆ కాగితమే చెబుతుంది. రకం ఎంచుకునేటప్పుడు తట్టుకునే గుణం అడగాలి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ టమాట రకం ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, మాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. అదే సంస్థ పుచ్చ రకం అర్క మాణిక్ బూజు, బూడిద తెగుళ్లను తట్టుకుంటుంది. అయితే వ్యాపారి ఏ కాయ అడుగుతున్నాడో చూడకుండా రకం మార్చడం నేను చెప్పను. ముందు రెండు సాళ్లు వేసి చూడాలి.

ట్రేలలో నారు పెంచమని విత్తనం నర్సరీకి ఇచ్చేవారు, ఇచ్చేముందు ఒకసారి అక్కడికి వెళ్లి చూడాలి. చుట్టూ వల ఉందా, గుమ్మానికి రెండు తలుపులు ఉన్నాయా, ట్రేలు నేల మీద ఉన్నాయా, బల్లల మీద ఉన్నాయా? లేత మొక్క మొదలు నీరుపట్టి కూలిపోయే నారుకుళ్లు తెగులుకు మూలం దాదాపు ఎప్పుడూ ఎక్కువ నీళ్లే. అది కనిపిస్తే నీళ్లు తగ్గించి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి.

బీడీ, ఖైనీ అలవాటు ఉన్న కూలీలు టమాట, మిరప నారు ముట్టుకునేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పొగాకులోని మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా బతికి, వేళ్ల ద్వారా నారుకు ఎక్కుతుంది. మేస్త్రీతో ఈ మాట నొప్పించకుండా చెప్పడం ఒక కళ. నేను గట్టు మీద బకెట్టు, సబ్బు పెట్టి, ముందు నేనే కడుక్కుంటాను.

నాటే ముందు గట్టు వైపు చూడాలి

బోదె ఎత్తుగా ఉండాలి, సాలుకూ సాలుకూ మధ్య ఆరడుగులు ఉండాలి, డ్రిప్ నీళ్లు మొదలుకు తగలకుండా నాలుగైదు అంగుళాల దూరంలో పడాలి. ఇవి ఎన్నోసార్లు విన్నవే. మల్చింగ్ షీటును మాత్రం వెండి రంగు పైకి ఉండేలా పరచాలి. ఆ మెరుపు తామర పురుగు, తెల్లదోమ, పేనుబంకల దిక్కు తప్పిస్తుంది. తీగలు షీటును కప్పేసేవరకు, అంటే సరిగ్గా మొక్క లేతగా ఉండే నెల రోజులు, ఈ రక్షణ ఉంటుంది.

పొలం చుట్టూ జొన్న గాని మొక్కజొన్న గాని రెండు మూడు వరుసలు దగ్గరగా వేయాలి, అదీ పంట నాటడానికి రెండు మూడు వారాల ముందు. పుచ్చతో పాటే విత్తితే అది ఎదిగేసరికి వైరస్ లోపలికి వచ్చేస్తుంది. గట్ల మీది వయ్యారిభామ, తుత్తురుబెండ, కిందటి పంట మిగిల్చిన దోస తీగలు ముందే పీకేయాలి. పురుగులు పంట లేని కాలంలో తలదాచుకునేది వాటిలోనే.

వైరస్: కొట్టి గెలవలేని యుద్ధం

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. దక్షిణ తెలంగాణలో పుచ్చ, టమాట రైతును ముంచే జబ్బుల్లో నేను మొదట రాసేది మొవ్వుకుళ్లు.

పుచ్చలో మొవ్వుకుళ్లు వస్తే తీగ కొన నేలను వదిలి పడగ ఎత్తినట్టు పైకి నిలబడుతుంది. కణుపులు దగ్గరపడతాయి, లేత ఆకులు పసుపు చుక్కలతో ముడుచుకుంటాయి, తర్వాత కొన మాడిపోతుంది. టమాటలో ఇలాంటి జబ్బే వేరుశనగను పట్టే మొవ్వుకుళ్లు వైరస్ వల్ల వస్తుంది. ఆకులు కంచు రంగుకు తిరుగుతాయి, కాండం మీద నల్లని చారలు, కాయ మీద వలయాలు పడతాయి. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు యాసంగి వేరుశనగ పక్కనే టమాట వేసేవారు ఈ చుట్టరికం గుర్తుంచుకోవాలి. పెసర, మినుము, అలసందల్లోనూ ఆ వైరస్ ఉంటుంది.

రెండింటినీ మోసేది తామర పురుగే. దీనిలో ఒక కిటుకు ఉంది. తామర పురుగు పిల్ల దశలో జబ్బు మొక్కను తింటేనే వైరస్‌ను పట్టుకోగలదు. పట్టుకున్నాక పెద్దదై బతికినంతకాలం అంటిస్తుంది. అంటే జబ్బు మొక్కను తోటలో ఉంచితే దాని మీద పుట్టే ప్రతి పిల్లా రేపటి దూత. అందుకే నాటిన మొదటి నెలలో రెండు రోజులకోసారి సాళ్ల వెంట నడిచి, అనుమానం ఉన్న మొక్కను అక్కడికక్కడే సంచిలో మూసి, బయటికి తీసుకెళ్లి పాతిపెట్టాలి. మూయకుండా పీకి భుజాన వేసుకుని గట్టు దాకా నడిస్తే, దారి పొడవునా పురుగులను దులుపుతూ పోయినట్టే. నెలన్నర దాటి కాయ పెరుగుతున్న తోటలో పీకడం వల్ల పెద్ద లాభం లేదు. అప్పుడు ఆ మొక్కను వదిలేసి ఖర్చు ఆపుకోవడమే తెలివి.

తెల్లదోమ దారి వేరు. టమాటలో, మిరపలో ఆకుముడత, బెండలో పల్లాకు తెగులు అది తెచ్చేవే. అది కనీసం కొన్ని నిమిషాలపాటు రసం పీలిస్తేనే వైరస్ ఎక్కుతుంది కాబట్టి నారు దశలో వల, నాటేముందు నారును మందు నీళ్లలో ముంచడం, పసుపు జిగురు అట్టలు పనికొస్తాయి. పేనుబంక మోసే మొజాయిక్‌లు మరీ మొండివి. అది సూది గుచ్చి రుచి చూసిన కొద్ది సెకన్లలోనే వైరస్ అంటుకుంటుంది. ఏ మందూ అంత తొందరగా దాన్ని చంపదు. అక్కడ పనిచేసేది చుట్టూ వేసిన జొన్న కంచె. పేనుబంక ముందు జొన్న మీద వాలి, దాన్ని గుచ్చి, ముక్కుకు అంటిన వైరస్‌ను అక్కడే తుడుచుకుంటుంది.

తామర పురుగుకు నీలం అట్టలు, తెల్లదోమకు, పేనుబంకకు పసుపు అట్టలు. మొక్క తలకు జానెడు ఎత్తులో కట్టి, మొక్కతో పాటు పైకి జరుపుతూ ఉండాలి. పందిరి గుంజకు ఆరడుగుల ఎత్తున కట్టి వదిలేసిన అట్టలు చాలా చూశాను. అవి దుమ్మును బాగా పడతాయి.

డబ్బు పెట్టగలిగినవారు నాటిన రోజే సాళ్ల మీద తెల్లని క్రాప్ కవర్ (పలుచని బట్ట) కప్పడం మేలు. ఆడపూలు కనబడగానే తీసేయాలి. ఆలస్యమైతే తేనెటీగ లోపలికి రాదు, కాయ నిలవదు.

2021లో మిరప తోటలను ఊడ్చేసిన కొత్త రకం నల్ల తామర పురుగు పూలలో గుంపులుగా చేరుతుంది. అప్పుడు వారానికి రెండుసార్లు మందులు మార్చి మార్చి కొట్టిన తోటలు కూడా నిలవలేదు. ఆ ఏడాది మిరప వేసినవారికి ఇంతకంటే చెప్పనవసరం లేదు.

ఆకు తెగుళ్లు: వాతావరణం చూసి అడుగు వేయడం

బూజు, బూడిద పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకదాని మందు రెండోదానికి కొట్టేవారు కొల్లలు. రెండూ పూర్తిగా వేరు.

బూజు తెగులుకు ఆకు తడిగా ఉండాలి. వాన ముసురు, అక్టోబరు నుంచి జనవరి వరకు కురిసే మంచు దాని కాలం. పందిరి మీది బీర, కాకర, సొర, కీర మొదట బలవుతాయి. ఆకు పైన ఈనెలకు (నరాలకు) మధ్య చదరంగా పసుపు మచ్చలు, అడుగున నూగు. ఈ తెగులుకు మచ్చ కనబడకముందే కాపు కాయాలి: మంచు మొదలవగానే లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. మచ్చలు కనబడ్డాక మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసి ఉన్న మందు 2 గ్రాములు. వారం, పది రోజుల తర్వాత మళ్లీ కొట్టవలసి వస్తే అదే వద్దు. డైమిథోమార్ఫ్ 1 గ్రాముకు మాంకోజెబ్ జోడించాలి. పందిరి కింద గాలి ఆడేలా ముదురు ఆకులు, నేలకు దగ్గరలోని పిలకలు తీసేస్తే ఒక పిచికారీ మిగులుతుంది.

బూడిద తెగులుకు తడి ఆకు నచ్చదు. పొడి ఆకు, గాలిలో కాస్త తేమ, వెచ్చని పగళ్లు కావాలి. ఫిబ్రవరి, మార్చి పుచ్చల్లో, ఖర్బూజల్లో ఆకు పైన పిండి చల్లినట్టు కనబడుతుంది. చాలా పంటల్లో దీనికి గంధకం మంచి మందు. తీగజాతి కూరగాయల మీద మాత్రం గంధకం కొట్టకూడదు. మన ఎండలో ఆకులు మాడిపోతాయి. మైక్లోబుటానిల్ లీటరుకు 1 గ్రాము, లేదా హెక్సాకొనజోల్ 2 మిల్లీలీటర్లు మార్చి మార్చి వాడవచ్చు. పాత కరపత్రాల్లో కనబడే డైనోక్యాప్‌ను కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. పాత నిల్వ తక్కువ ధరకు ఇస్తామన్నా కొనవద్దు.

జిగురు తెగులులో తీగ మొదలు దగ్గర పగుళ్లు పడి, తేనె రంగు బంక కారుతుంది, ఆకు అంచు నుంచి గోధుమ మచ్చ లోపలికి పాకుతుంది. దీని బీజాలు కిందటి పంట చెత్తలో ఉంటాయి. పక్షికన్ను తెగులు కాయను కూడా పడుతుంది: నీరుపట్టిన గుంట మచ్చ, మధ్యలో గులాబీ రంగు ముద్ద. తోటలో చిన్న చుక్కగా ఉన్నది లారీలో, రెండు రాత్రుల వేడిలో పెద్దదవుతుంది. బాటసింగారం పండ్ల మార్కెట్‌లో దించేసరికి కాయ ధర కాదు, లోడు ధర పడిపోతుంది. ఈ రెండింటికీ క్లోరోథలోనిల్ 2 గ్రాములు లేదా మాంకోజెబ్ 2.5 గ్రాములు, అకాల వాన సూచన విన్న రోజునే, వాన పడకముందే కొట్టాలి. వాన వెలిశాక కొట్టేది రెండోసారి కొట్టడమే అవుతుంది.

ఆకులు తడిగా ఉన్నప్పుడు తోటలోకి ఎవరినీ దించకూడదు. తెల్లవారుజామున మంచులో కాయలు కోసే కూలీల చేతులూ, చీర చెంగులూ బీజాలను సాలు చివరి దాకా మోసుకెళతాయి.

వేరు తెగుళ్లకు మందు ఆకుకు కాదు, మొదలుకు. ఫ్యుజేరియం కనబడిన తీగను తీసేసి, ఆ గుంతతో పాటు అటు ఇటు నాలుగైదు మొక్కల మొదళ్లలో లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ ద్రావణం పోయాలి. చచ్చినది బతకదు, పక్కది నిలబడవచ్చు. బ్యాక్టీరియా ఎండు తెగులుకు యాంటీబయోటిక్ పొడి పోసే అలవాటు మానుకోవాలి. ఆ పొడితో వాలిన మొక్క లేచిన సందర్భం నేను చూడలేదు, పైగా మనుషుల మందులకు లొంగని సూక్ష్మజీవులను మన మడిలోనే పెంచినట్టవుతుంది. టమాట వదలలేనివారు అంటుకట్టిన నారు వైపు వెళ్లడమే దారి.

పంపు, నీళ్లు, గురి

నల్గొండ బోరు నీటిలో ఫ్లోరైడ్ సంగతి లోకమంతా విన్నదే. పిచికారీ విషయంలో చూడవలసింది నీటి క్షార గుణం. కాప్టాన్ లాంటి మందులు క్షార నీటిలో నిమిషాల్లో విడిపోయి పస కోల్పోతాయి. రంగు మారే pH పట్టీతో నీటి ఉదజని సూచిక (pH, ఆమ్ల, క్షార గుణాల కొలత) చూసుకుని, 8 దాటితే చెరువు నీరో, పట్టి ఉంచిన వాన నీరో వాడటం మంచిది. నిమ్మ ఉప్పు కలిపి తగ్గించవచ్చు గాని రాగి మందుల్లో మాత్రం కలపకూడదు. రాగి ఎక్కువగా విడుదలై ఆకు మాడుతుంది.

ఎకరానికి ఎన్ని లీటర్లు అన్నది పొరుగువారిని అడగవద్దు. పంపులో ఉత్త నీళ్లు పోసి ఒక గుంట నేల (ఎకరంలో 40వ వంతు) కొట్టి, అయినన్ని లీటర్లను 40తో హెచ్చించండి. ముదిరిన తోటకు దాదాపు 200 లీటర్లు పడుతుంది. నాజిల్ అరిగితే చుక్క లావై ఆకు మీంచి జారిపోతుంది. ఏటా మార్చవలసిన ఆ చిన్న ముక్కను అయిదేళ్లు వాడి, మందు పనిచేయలేదంటాం.

డబ్బా మీద మందు పేరు కింద ఉండే రసాయనం పేరు చదవాలి. మూడు కంపెనీల మూడు రంగుల పొట్లాలు ఒకే రసాయనం కావచ్చు. మెటలాక్సిల్, స్ట్రోబిలూరిన్ జాతి మందులు శిలీంధ్రంలో ఒకే చోట దెబ్బ కొడతాయి కాబట్టి అది త్వరగా తప్పించుకోవడం నేర్చుకుంటుంది. వీటిని వరుసగా రెండుసార్లు మించి కొట్టవద్దు, ఎప్పుడూ మాంకోజెబ్ లాంటి విస్తృత మందుతో జత చేయాలి. ఆ డబ్బా మీద మన పంట పేరు ఉందా, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలి అన్నవీ చూసుకోవాలి. రోజు విడిచి రోజు కోసే బెండ, కీరల్లో పది రోజులు ఆగమనే మందు కొట్టడమంటే కొన్నవారి పిల్లలకు పెట్టడమే. పుచ్చ, దోసల్లో పిచికారీ సాయంత్రం నాలుగు తర్వాతే. పూలు పొద్దున విచ్చుకుంటాయి, తేనెటీగలు అప్పుడే వస్తాయి.

అనుమానం తీరకపోతే మొక్కను వేర్లతో, మట్టితో సహా కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్‌లో దారిలోనే కుళ్లిపోతుంది. నల్గొండ వైపు కంపాసాగర్, సూర్యాపేట వైపు గడ్డిపల్లి, వనపర్తి వైపు మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాలు, నాగర్‌కర్నూల్ వైపు పాలెం పరిశోధన స్థానం ఉన్నాయి. పూర్తిగా ఎండినది కాదు, అప్పుడే వాలుతున్న మొక్క కావాలి. చచ్చిన మొక్కలో చంపినది ఏదో, తర్వాత చేరినది ఏదో తెలియదు.

చివరి కోత తర్వాత

పుచ్చ ధర పడిపోగానే తోటను మేకలకు వదిలి వెళ్లిపోవడం మన అలవాటు. ఆ ఎండు తీగల్లోనే జిగురు తెగులు, పక్షికన్ను వచ్చే ఏటి దాకా కూర్చుంటాయి. పచ్చిగా ఉన్న తీగల మీది తామర పురుగు పక్క మడి మిరపలోకి పోతుంది. కోత అయిన వారంలోపే తీగలు, కుళ్లిన కాయలు ఏరి గుంతలో వేసి పూడ్చాలి. మల్చింగ్ షీటును మట్టిలో కలిపి దున్నకుండా చుట్టి బయటపెట్టాలి.

ఆ తర్వాత ఒక కాగితం మీద పొలం పటం గీసి, బోరు, గట్టు, సాళ్ల సంఖ్య వేసి, ఏ సాలులో ఎన్నో మొక్క దగ్గర తీగలు వాలాయో గుర్తులు పెట్టండి. నా మొదటి ఏడాది పోయిన పన్నెండు తీగలూ డ్రిప్ మెయిన్ పైపు కారే చోటుకు ఇరవై అడుగుల లోపే ఉన్నాయి. పటం గీశాకే అది కనబడింది. ఆ వాషర్ ధర అప్పట్లో ఆరు రూపాయలు.